ఉలి పిడి ఎందుకు ఊడిపోతుంది?

శ్రావణమాసపు ముసురులో బిగించిన పిడి అది. పట్టకారుతో పట్టి లాగినా ఉలి కదల్లేదు, అంత బిగుతు. మరుసటి ఏడు రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండల్లో, అదే ఉలితో చిన్న వినాయకుడి బొమ్మ చెక్కుతున్నాను. ఉలి మొన చెక్కలో దిగబడి అక్కడే ఉండిపోయింది, పిడి నా చేతిలోకి వచ్చేసింది. పిడి మూతికి తొడిగిన పొన్ను, అంటే లోహపు కట్టు, దానంతటదే జారి, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

తెలిసినవాళ్ళకు చెబితే అందరూ అడిగింది ఒకటే: "ఏం చెక్క?" మామిడి అన్నాను. "మరి ఊడదా? తుమ్మ వెయ్యాలి గానీ" అన్నారు. తుమ్మ వేశాను. పై ఏడు ఎండలకు అదీ వదులైంది. మెత్తటి మామిడీ గట్టి తుమ్మా ఒకేలా ఊడాయంటే తప్పు చెక్క జాతిది అయ్యుండదు. ఆ అనుమానంతో మొదలుపెట్టి పాతిక పిడుల దాకా చేశాను, కొన్ని పగలగొట్టి లోపల ఏం జరిగిందో చూశాను. ఇప్పుడు నన్నడిగితే "ఏ చెక్క" అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. ఆ చెక్క ఎంత ఆరింది, దానిలో పోగు, అంటే నారల వరస, ఎటు నడుస్తోంది, రంధ్రం ఎలా పడింది అన్నవి తేలాక దాని పేరు అడగొచ్చు.

తోక ఒక మేకు

చెక్కడపు ఉలిలో బయటికి కనిపించేది సగమే. పదును ఉన్న పలక వెనక్కి వచ్చేకొద్దీ సన్నబడి మెడ అవుతుంది. మెడ చివర చుట్టూ ఉబ్బెత్తుగా ఒక భుజం. భుజం దాటాక నలుపలకలుగా కూసుగా పోయే తోక. పిడిలోకి దిగేది ఆ తోకే. పెద్ద వడ్రంగపు ఉలుల్లో కొన్నిటికి తోక బదులు ఉక్కు గరాటు ఉంటుంది, కర్రే దాని లోపలికి పోతుంది. దాని లెక్క వేరు. బొమ్మలు, ద్వారబంధాల మీద లతలు చెక్కే ఉలులు మాత్రం దాదాపు అన్నీ తోకవే. ఇంగ్లండులోని షెఫీల్డ్ ఉలుల్ని పిడి లేకుండా కూడా అమ్మేవారు. కొన్నవాళ్ళు తమ చేతికి తగ్గట్టు తామే వేసుకునేవారు. మన కమ్మరి లారీ కమాను పట్టీని సాగగొట్టి ఇచ్చే ఉలీ అంతే. ఉక్కు పని ఆయనది, పిడి తంటా మనది.

కూసుగా ఉన్న తోక అచ్చం మేకులా పనిచేస్తుంది. పిడి వెనక కొట్టిన ప్రతి దెబ్బా దాన్ని చెక్కలోకి ఇంకాస్త దింపాలని చూస్తుంది. దిగితే చెక్క చీలుతుంది. భుజం ఉన్నది దీన్ని ఆపడానికే. అది పిడి మూతికి ఆనుకున్నాక తోక ఇక లోపలికి పోదు, దెబ్బ భుజం మీదుగా ఉక్కుకు చేరుతుంది. పొన్ను రెండో కాపు. రోకలి మూతి చిట్లకుండా పొన్ను ఎలా కాస్తుందో, పిడి మూతి చీలకుండా ఇదీ అలాగే కాస్తుంది. ఇత్తడి, రాగి, ఇనుము ఏదైనా పరవాలేదు. ఏసీలు బిగించేవాళ్ళను అడిగితే మిగిలిన రాగి గొట్టం ముక్కలు ఇస్తారు. ముప్పావు అంగుళం గొట్టంలోంచి 15 మిల్లీమీటర్ల ముక్క కోసి అంచులు ఆకురాయితో నున్నగా రాస్తే పొన్ను సిద్ధం. చవకరకం ఉలుల్లో కొన్నిటికి భుజమే ఉండదు. వాటిని సుత్తితో కొట్టే పనికి వాడకపోవడం మంచిది, చేత్తో తోసే పనికి సరిపోతాయి.

తడి లెక్క

పచ్చి చెక్కలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కొంత కణాల బోలులో, కొంత కణాల గోడల్లో. నరికిన తర్వాత ముందు బోలులో నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. ఎండు చెక్క బరువులో సుమారు 30 శాతం నీరు మిగిలిన దగ్గర్నుంచి గోడలు ఆరడం మొదలవుతుంది. కుంచించుకోవడం అక్కణ్ణుంచే. అదీ అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవులో దాదాపు ఏమీ ఉండదు. మాను నడిమి నుంచి బెరడు వైపు కొంత ఉంటుంది. వలయాల వెంట, అంటే చుట్టుకొలత దిశలో, దానికి సుమారు రెట్టింపు.

అంకెల్లో చూస్తే సంగతి తేటపడుతుంది. పొన్ను కూర్చునే చోట పిడి మందం 18 మిల్లీమీటర్లు అనుకుందాం. పచ్చి చెక్కకు పొన్ను తొడిగితే, అది పూర్తిగా ఆరేసరికి ఒక పక్క నుంచి చూస్తే సుమారు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. బాగా ఆరిన చెక్కయితే వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య తేడా అందులో అయిదో వంతు ఉంటుంది, అంతే. బిగుతుగా దిగిన పొన్ను ఆ కాస్త తేడాను ఓర్చుకుంటుంది. మిల్లీమీటరును ఏ పొన్నూ ఓర్చుకోదు.

ఇక్కడ నన్ను చాలాకాలం తికమకపెట్టిన ప్రశ్న ఒకటుంది. చెక్క కుంచించుకుంటే దానిలోని రంధ్రం కూడా చిన్నదవ్వాలి కదా? రంధ్రం చిన్నదైతే తోక ఇంకా బిగుసుకోవాలి కదా? మరి ఊడటమేమిటి?

రంధ్రం చిన్నదవ్వాలని చూసే మాట నిజమే. కానీ లోపల ఉక్కు ఉంది, అది చోటివ్వదు. చెక్క బయట నుంచి ముడుచుకుంటోంది, లోపల తోక అడ్డుపడుతోంది. ఈ పెనుగులాటలో చెక్క ఎక్కడో ఒకచోట చీలాలి. చీలకుండా పట్టి ఉంచాల్సిన పొన్ను అప్పటికే వదులైపోయి ఉంటుంది. కాబట్టి పిడి మూతి దగ్గర, నడిమి నుంచి అంచుకు, వెంట్రుక మందం పగులు వస్తుంది. పగులు వచ్చాక రంధ్రం నోరు తెరుచుకుంటుంది, తోక ఆడటం మొదలుపెడుతుంది, ఆడేకొద్దీ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. నా రెండు పిడుల మూతినీ భూతద్దంతో చూస్తే రెండిటికీ అదే పగులు. మొదట పోయేది పొన్ను బిగువు. తోక ఊడటం ఆఖరి అంకం.

వదులైన పొన్నుకు మన ఇళ్ళలో ఒక వైద్యం ఉంది. రోకలిని నీళ్ళతొట్టిలో ముంచి ఉంచేవారు. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వదులైతే చక్రాన్ని చెరువులో నిలబెట్టేవారు. ఆ పూటకు పని జరుగుతుంది. కానీ ఉబ్బిన చెక్కను ఇనుము బయటికి పోనివ్వదు కాబట్టి లోపలి పోగులు నలిగిపోతాయి. మళ్ళీ ఆరినప్పుడు ఆ నలిగిన కొలత నుంచే కుంచించుకుంటుంది, అంటే ముందుకన్నా వదులు. ఉలి పిడిని నానబెట్టడం అప్పు చేసి వడ్డీ కట్టడం లాంటిది.

ఆరిందో లేదో తేల్చుకోవడానికి యంత్రం అక్కర్లేదు. అంగుళం మందానికి ఒక ఏడు అని పాత లెక్క, జాతిని బట్టి అటూ ఇటూ అవుతుంది. నేను పిడి కొలతకన్నా కాస్త లావుగా ముక్కలు చేసి, రెండు కొనలకూ కరిగించిన మైనం పూసి, గాలి ఆడే నీడలో పేరుస్తాను. కొనల నుంచి నీరు మరీ వేగంగా పోతుంది కాబట్టి మైనం లేకపోతే అక్కడే పగుళ్ళు. వారానికోసారి వంటింటి కాటా మీద తూచి ముక్క మీదే పెన్సిలుతో బరువు రాస్తాను. వరసగా నాలుగు వారాలు అంకె మారకపోతే ఆరినట్టే. పొన్ను తొడిగే పని మాత్రం ముసురు రోజుల్లో పెట్టుకోను.

ఇంత ఓపిక లేనివాళ్ళకు దగ్గరి దారి ఉంది. పాత మంచం కోడు, విరిగిన కిటికీ రెక్క, మూలపడ్డ ఎడ్లబండి చక్రపు ఆకు. ముఖ్యంగా చక్రపు ఆకు. తరం నాటి తుమ్మ, తిన్నటి పోగు, దశాబ్దాలపాటు ఎండకు ఎండి వానకు తడిసి స్థిరపడిన చెక్క. ఒక్క ఆకులో రెండు మూడు పిడులు వస్తాయి. మేకులుంటే మాత్రం ముందు పీకేయండి, రంపం పళ్ళు పోతాయి.

పోగు, బెండు

చేతికి సరిపోయే లావు కొమ్మ దొరికితే బెరడు తీసి అలాగే పిడి చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. పనికిరాదు. కొమ్మ నట్టనడుమ బెండు, అంటే మెత్తటి గుజ్జులాంటి భాగం, ఉంటుంది. చుట్టుకొలత దిశలో రెట్టింపు కుంచింపు అని చెప్పుకున్నాం కదా, నిండు కొమ్మలో ఆ ముడుచుకునే వలయానికి ఎటూ పోయే దారి లేదు, కాబట్టి అంచు నుంచి బెండు దాకా పగిలి తీరుతుంది. కొంచెం లావు దుంగను నాలుగుగా చీల్చి, బెండు భాగం తీసేసి, చేవ ఉన్న వైపు తీసుకోవాలి.

చీల్చి అంటున్నాను, కోసి కాదు. రంపం తనకు చూపిన గీత వెంట పోతుంది, పోగు ఎటు వంగినా దానికి పట్టదు. గొడ్డలితో చీలిస్తే చీలిక పోగు వెంటే పోతుంది. పల్లెల్లో గునపానికో గొడ్డలికో కామ చేసేవాళ్ళు చీల్చిన కర్రే ఎందుకు ఎంచుతారో చూడండి. పిడి పక్క నుంచి చూసినప్పుడు పోగు గీతలు ఒక కొన నుంచి రెండో కొన దాకా సాగాలి. మధ్యలో అంచు దాటి బయటికి పోతే దెబ్బకు అక్కడే ఎగురుతుంది.

ముందు రంధ్రం, తర్వాత పిడి

కొత్తగా చేసేవాళ్ళు నూటికి తొంభైమంది పిడిని అందంగా చెక్కి, నున్నగా రాసి, ఆఖర్న రంధ్రం వేస్తారు. నేనూ అలాగే చేశాను. బరమా 50 మిల్లీమీటర్లు లోపలికి పోయేసరికి పోగు వెంట ఒక పక్కకు తప్పుకుంటుంది, కొద్దిగానే. ఆ కొద్దిపాటి వంకరే ఉలి మొన దగ్గరికి వచ్చేసరికి వేలెడు పక్కకు చూపిస్తుంది. అలాంటి ఉలిని కొడితే దెబ్బ తిన్నగా మొనకు పోదు, మెడను వంచడానికి పోతుంది.

తిరగేసి చేస్తే బెడదే ఉండదు. నలుపలకల ముక్కలో ముందు రంధ్రం వేయండి. అది ఎటు తప్పుకున్నా పరవాలేదు. రంధ్రంలో తిన్నటి కమ్మీ ఒకటి దూర్చి, అది చూపించే దిశనే పిడికి నడిమి గీతగా తీసుకుని, దాని చుట్టూ పిడిని చెక్కండి. తరిమెన (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పట్టేవాళ్ళూ ముందు రంధ్రం వేసి, ఆ రంధ్రంలోనే మొన ఆనించి తిప్పుతారు.

తోక కూసుగా ఉంటుంది గనుక రంధ్రమూ మెట్లుమెట్లుగా పడాలి. నా దగ్గరున్న ఒక వంపు ఉలి తోక 50 మిల్లీమీటర్ల పొడవు, భుజం దగ్గర 7, కొనకు 3 మిల్లీమీటర్లు. దానికి 4 మిల్లీమీటర్ల బరమాతో మొత్తం లోతూ వేసి, 5.5తో 32 దాకా, 7తో 12 దాకా వెడల్పు చేశాను. తర్వాత తోకను దూర్చి ఉలిని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. నలుపలకల అంచులు రంధ్రాన్ని గీరి తమకు సరిపోయే గూడు తామే చేసుకుంటాయి. తీసి పొట్టు దులిపి మళ్ళీ. భుజానికీ పొన్నుకూ మధ్య ఆరేడు మిల్లీమీటర్లు మిగిలేదాకా ఇలా చేసి ఆపాలి. మిగతాది దెబ్బతో దిగుతుంది, బిగువు అక్కడే పుడుతుంది.

ఆ దెబ్బ ఎలా వేయాలన్నది చూసినవాళ్ళకు వింతగా ఉంటుంది. ఉలి మొనను నేలకో బల్లకో ఆనించరు. పిడిని ఒక చేత్తో గాల్లో పట్టుకుని, మొన కిందికి వేలాడుతుండగా, పిడి తల మీద కొయ్య సుత్తితో కొడతారు. దెబ్బకు పిడి చటుక్కున కిందికి కదులుతుంది, బరువైన ఉక్కు తన చోట ఉండిపోతుంది, తోక లోపలికి ఎక్కుతుంది. గొడ్డలికి కామ వేసేటప్పుడు తల కిందికి వేలాడదీసి కామ అడుగున కొడితే గొడ్డలి తల పైపైకి ఎక్కడం చూసే ఉంటారు. ఇదీ అదే. కింద కాలు పెట్టకండి.

కొడవళ్ళకు, కత్తులకు చేసినట్టు తోకను ఎర్రగా కాల్చి పిడిలోకి దించే పద్ధతీ ఉంది. వేగంగా అయిపోతుంది. కానీ ఉలి మొనకు 200 నుంచి 250 డిగ్రీల వేడిలో పదును పెట్టి ఉంటారు, అంటే ఉక్కు గట్టితనాన్ని ఆ వేడితో కుదిర్చి ఉంటారు. తోకలో వేడి పాకి మొన నీలం రంగుకు తిరిగిందంటే అది సుమారు 300 దాకా పోయినట్టు, ఆ పదును ఇక నిలవదు. పలకకు తడిగుడ్డ చుట్టి చేయొచ్చు. అయినా కాలిన రంధ్రంలో మిగిలే బొగ్గు పొర నాకు నచ్చదు, వాడకంలో పొడిగా రాలిపోతుంది. ఈ మధ్య అందరూ అరల్డైట్ పోస్తున్నారు. గట్టిగానే పట్టుకుంటుంది, పిడి మార్చాలన్నప్పుడే ఏడుపు. పాతకాలపు తల్వారు పిడుల్లో లక్క కరిగించి పోసి తోకను నిలిపేవారు. వేడి చూపిస్తే మళ్ళీ ఊడివస్తుంది, ఆ తెలివి నాకు ఇష్టం. తోక సరిగ్గా దిగితే నిజానికి ఏ జిగురూ అక్కర్లేదు.

ఎనిమిది పలకలు

గుండ్రటి పిడి చూడముచ్చటగా ఉంటుంది, బల్ల మీద పెడితే దొర్లి మొన నేలకు కొట్టుకుంటుంది. ఎనిమిది పలకల పిడి పెట్టినచోట ఉంటుంది. అంతకన్నా పెద్ద లాభం చేతికి. ఒక పలకను ఉలి మొనకు సమంగా ఉండేలా బిగిస్తే, చూడకుండానే మొన ఎటు తిరిగి ఉందో బొటనవేలికి తెలుస్తుంది.

ఎనిమిది పలకలు సమంగా రావడానికి వడ్రంగులు వాడే కిటుకు చాలా సులువు. వెడల్పును 24 భాగాలు చేస్తే 7, 10, 7 దగ్గర గీతలు పడాలి. భాగాలు లెక్కపెట్టక్కర్లేదు. ముక్క మీద స్కేలును ఏటవాలుగా పెట్టి, సున్నా ఒక అంచు మీద, 12 సెంటీమీటర్లు రెండో అంచు మీద పడేలా జరపండి. 3.5 దగ్గర, 8.5 దగ్గర చుక్కలు పెట్టండి. ముక్క వెడల్పు ఎంతైనా ఇదే వరస. నాలుగు వైపులా గీతలు గీసి మూలల్ని చిత్రికతో గీత దాకా తీసేయాలి. 30 మిల్లీమీటర్ల ముక్కకు మూల నుంచి ఎనిమిదిముప్పావు మిల్లీమీటర్లు వస్తుంది.

కొలత విషయంలో పుస్తకం కన్నా చెయ్యి నమ్మకం. పిడికిలి పట్టినప్పుడు బొటనవేలు, నడిమి వేలు ఇంచుమించు కలవాలి. చాలామందికి లావైన చోట 28 నుంచి 32 మిల్లీమీటర్లు, పొడవు 12 నుంచి 14 సెంటీమీటర్లు వస్తుంది. అరచేతిలో ఇమిడించి తోసే చిన్న ఉలులకు పొడవు అందులో సగం చాలు, వెనక పుట్టగొడుగు తలలా ఉబ్బెత్తుగా ఉండాలి. బల్ల మీద ఇరవై ఉలులు పరిచి పనిచేసేవాళ్ళకు అన్నీ ఒకేలా ఉండటం శిక్ష. నేను రంగును బట్టి పోల్చుకుంటాను. సన్నగీతల ఉలికి నల్లటి చింత చేవ, పెద్ద వంపు ఉలికి ఎర్రటి తుమ్మ. అంగట్లో దొరికే పెట్టెసెట్టులో ఈ సుఖం లేదు.

ఇప్పుడు ఏ చెక్క?

దెబ్బ దేనితో పడుతుందో చెబితే చెక్క చెప్పొచ్చు. జపాను వడ్రంగులు ఉలిని ఉక్కు సుత్తితో కొడతారు, అందుకే వాళ్ళ పిడి ఓక్ చెక్కది, వెనక కొనకు కూడా ఉక్కు కట్టు ఉంటుంది. పాశ్చాత్య శిల్పులు గుండ్రటి కొయ్య సుత్తి వాడతారు, వాళ్ళ పిడికి వెనక కట్టు అక్కర్లేదు. మన దగ్గర చాలామంది చేతికందిన ఇనప సుత్తితోనే కొడతారు, వెనక కట్టు ఉండదు, పిడి తల చీపురులా విచ్చుకుంటుంది. ఇనప సుత్తే వాడేటట్టయితే వెనకా ఒక పొన్ను వేయండి. లేదా కొయ్య సుత్తి కొనండి, అది చవక.

దెబ్బ తినే పిడికి తుమ్మ, చండ్ర, చింత చేవ, శీషం. గట్టితనం ఒక్కటే చాలదు, దెబ్బకు చిట్లకుండా సాగే గుణం ఉండాలి. ఆ విషయంలో తుమ్మను మించింది మన ఊళ్ళలో తేలిగ్గా దొరకదు. టేకు తేమకు పెద్దగా కదలదు, ఆ మేరకు గొప్పదే. కానీ దెబ్బకు పెళుసు, చేత్తో తోసే ఉలులకే బాగుంటుంది. జామ కొమ్మ చిన్నప్పుడు క్యాటర్‌బాల్‌కు కోసుకున్నవాళ్ళకు దాని మొండితనం తెలుసు, జామ చెక్క చిన్న పిడులకు హాయిగా సరిపోతుంది. కొండపల్లి, నిర్మల్ బొమ్మల పొణికి మాత్రం వద్దు. ఉలికి వెన్నలా లొంగుతుందనే దాన్ని బొమ్మలకు ఎంచారు. పిడికి కావలసింది లొంగనిది. ఏటికొప్పాక అంకుడు సన్నటి పోగుతో తరిమెనకు బాగా పడుతుంది, అరచేతి ఉలులకు పరవాలేదు.

ఎర్రచందనం పిడి కావాలని మోజుపడేవాళ్ళుంటారు. ఆ చెట్టు శేషాచలం, నల్లమల వైపు తప్ప సహజంగా ఎక్కడా పెరగదు, కాగితాలు లేని ముక్క దగ్గరుంటే కేసు. వేలెడు పిడికి అంత గొడవ ఎందుకు? గన్నేరు కొమ్మ విషం, దాన్నీ ముట్టుకోకండి. ఏ చెక్కను రాసినా ముక్కుకు మాస్కు ఉండాలి, గట్టి చెక్కల దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే క్యాన్సర్ రావచ్చు.

చివర పూత. అద్దంలా మెరిసే వార్నిష్, ఏటికొప్పాక బొమ్మల మీది లాంటి లక్క నునుపు, రెండూ చూపుకే. చెమట పట్టిన చేతిలో జారతాయి, గంట పనికి అరచేతిలో బొబ్బలు లేస్తాయి. ఉప్పుకాగితం కూడా మరీ సన్నరకం దాకా పోనక్కర్లేదు. అవిసె నూనె పల్చగా రాసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా తుడిచేసి, మర్నాడు మళ్ళీ. మూడు నాలుగు సార్లు చాలు. తేమ రాకపోకల్ని నూనె ఆపలేదు, నెమ్మదింపజేస్తుంది. తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. దండెం మీద విప్పి ఆరేయండి, లేదంటే బకెట్ నీళ్ళలో ముంచి తర్వాత పారేయండి.